నాలుగు బస్తాలు, ఒక సోల: కడుపు కుదరని లాబ్రడార్ పిల్ల కేసు

ఇది పెద్ద జబ్బు కేసు కాదు. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ విరేచనాలు) లేదు, సెలైన్లు లేవు, ఆపరేషన్ లేదు. ఒక కుక్కపిల్లకి మోషన్ గట్టిపడటానికి ఐదు వారాలు పట్టింది, అంతే. అందులో రెండు వారాలు నా పొరపాటు వల్ల పోయాయి. అది ఎక్కడ జరిగిందో రాసి పెడితే తోటి డాక్టర్లకీ, కుక్కపిల్లని కొత్తగా ఇంటికి తెచ్చుకున్నవాళ్లకీ పనికొస్తుందనిపించింది. ఇంటివాళ్లని అడిగే రాస్తున్నాను. వాళ్ల వీధి, ఉద్యోగాలు, పిల్ల పేరు మార్చాను. పిల్లని బంటీ అందాం.

నేపథ్యం

శ్రీకాకుళంలో క్లినిక్ పెట్టిన కొత్తలో నా పనంతా ఆవులకీ గేదెలకీ ఊళ్ల మీద తిరగడమే. ఇప్పుడు సాయంత్రం ఆరు దాటితే డే అండ్ నైట్ జంక్షన్ వైపు నుంచీ ఏడు రోడ్ల వైపు నుంచీ స్కూటర్ల మీద కుక్కపిల్లలు వస్తున్నాయి, తువ్వాళ్లలో చుట్టుకుని. బంటీ కూడా అలాగే వచ్చాడు, జూలై వానల్లో.

మగ లాబ్రడార్ పిల్ల. విశాఖలో ఒకరి దగ్గర కొన్నారు. నలభై ఐదు రోజులని చెప్పి అమ్మారట, ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది. పళ్లు చూస్తే ఎనిమిది వారాల పిల్లే. బరువు 4.4 కిలోలు, ఆ వయసు లాబ్రడార్‌కి కాస్త తక్కువ. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఇద్దరు బడి పిల్లలు, ఒక మామ్మగారు.

అమ్మినచోట పసిపిల్లల డబ్బా పొడి పాలల్లో కలిపి పెట్టేవారట. ఇంటికి తెచ్చాక దగ్గర్లోని షాపులో కిలో లెక్కన లూజుగా అమ్మే డ్రై ఫుడ్ కొన్నారు. మోషన్స్ మొదలయ్యాయి. ఐదు రోజులకి అది మానేసి, పెద్ద జాతి పిల్లలకని రాసి ఉన్న సీలు బస్తా ఒకటి, చికెన్‌ది, తెచ్చారు. మూడు రోజులు పెట్టారు, తగ్గలేదు. దాన్ని అటకెక్కించి పెరుగన్నంలోకి దిగారు. దానితోపాటు మెడికల్ షాపువాళ్లు ఇచ్చిన మెట్రోనిడజోల్ (విరేచనాలకి వాడే యాంటీబయోటిక్) మాత్రలు మూడు పూటలు, ఎవరో చెప్పిన కాల్షియం సిరప్ రోజుకి రెండు చెంచాలు.

పన్నెండు రోజుల్లో మూడు తిళ్లు, ఒక మాత్ర, ఒక సిరప్. ఏది చేసిన మేలో ఏది చేసిన చెరుపో చెప్పడానికి దారే లేదు.

ఏం చూశాను

రోజుకి ఐదారుసార్లు మోషన్. పాయసం జారుడుగా, జిగురుతో, అప్పుడప్పుడు చివర్లో ఎర్రటి చార. వాంతులు లేవు, జ్వరం లేదు. గిన్నె కనబడితే మీద పడిపోతున్నాడు. బల్ల మీద నా స్టెతస్కోపు గొట్టం నమలడం మొదలుపెట్టాడు.

ఆ నమలడం నాకు సగం ధైర్యం. పార్వో పట్టిన పిల్ల సాధారణంగా తిండి వదిలేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, ఓ మూల ముడుచుకుని పడుకుంటుంది. అయినా టీకాలు పూర్తి కాలేదు కాబట్టి పార్వో కిట్ టెస్ట్ చేశాను. నెగటివ్. ఒకమాట ఇక్కడే చెప్పాలి. పిల్ల తిండి మానేసినా, వాంతులు చేసుకున్నా, రక్తం ఎక్కువగా పడినా ఏ ఫుడ్ మార్చాలి అని ఆలోచిస్తూ కూర్చోకూడదు. ఆ పూటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

తక్కువ తక్కువగా ఎక్కువసార్లు, జిగురుతో, ముక్కుతూ, తాజా రక్తపు చారతో వెళ్తే ఇబ్బంది పెద్ద పేగులో అనుకుంటాం. పెద్ద పరిమాణంలో నీళ్లలా పోతూ బరువు తగ్గిపోతుంటే చిన్న పేగు. బంటీకి మొదటి లక్షణాలే ఎక్కువ, కానీ బరువూ తక్కువే. అంటే రెండూ కొంచెం కొంచెం. మలం ఉప్పునీటిలో తేల్చి చూస్తే ఏలిక పాముల గుడ్లు కనబడ్డాయి. అందులో వింతేం లేదు. ఇవి తల్లి కడుపులో ఉండగానే పిల్లకి అంటుకుంటాయి, పాల ద్వారా కూడా వస్తాయి. అందుకే రెండో వారం నుంచే రెండు వారాలకోసారి నట్టల మందు పడాలి. అమ్మినవాళ్ల కార్డులో ఒక్క డోసే ఉంది.

మొదట చేసినవి

నట్టల మందు వేశాను. కాల్షియం సిరప్ ఆపించాను. మెట్రోనిడజోల్ కూడా ఆపించాను. మా చదువు రోజుల్లో విరేచనాలంటే చెయ్యి దానికే వెళ్లేది. కానీ అది పేగులో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవుల్ని కూడా దెబ్బతీస్తుంది, అవి తిరిగి కుదురుకోవడానికి వారాలు పడుతుంది. హుషారుగా ఉండి తింటున్న పిల్లకి దాన్ని ముందు మందుగా వాడటం ఇప్పుడు నాకు ఇష్టం లేదు.

తిండికి నాలుగు రోజులు చర్మం, ఎముక లేని ఉడికించిన చికెన్ ఒక వంతు, మెత్తగా వండిన అన్నం రెండు వంతులు. ఉప్పు, నూనె, ఉల్లిపాయ ఏవీ వద్దన్నాను. రోజుకి ఐదుసార్లు, ఒక్కోసారికి ఎన్ని గ్రాములో చీటీ మీద రాసిచ్చాను. “ఇది తప్ప నోట్లోకి ఇంకేమీ వెళ్లకూడదు” అని గట్టిగా చెప్పాను.

మూడో రోజుకి మోషన్ రోజుకి రెండుసార్లు, చేత్తో ఎత్తితే విరగనంత గట్టిగా. ఇంటాయన ఫోన్‌లో ఫొటో పంపించారు, నేను భోజనం చేస్తుండగా. ఈ వృత్తిలో అలాంటి ఫొటోకి సంతోషపడటం అలవాటైపోతుంది.

అన్నం, చికెన్ మీదే ఉంచేయొచ్చు కదా అని వాళ్లు అడిగారు. దాదాపు ప్రతి ఇంట్లోనూ అడుగుతారు, జవాబు వివరంగా చెప్పాలి. ఎముక లేని చికెన్ 100 గ్రాముల్లో కాల్షియం పది పదిహేను మిల్లీగ్రాములుంటే భాస్వరం రెండు వందల దాకా ఉంటుంది. ఎదిగే పిల్లకి భాస్వరం కంటే కాల్షియం ఎక్కువగానో, కనీసం సమానంగానో ఉండాలి. ఇది పూర్తిగా తిరగబడ్డ లెక్క. వారాల తరబడి ఇదే పెడితే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది. కాళ్లు వంకర్లు పోయిన పిల్లల్ని, మంచం మీంచి దూకి తొడ ఎముక విరగ్గొట్టుకున్న పిల్లల్ని నేను చూశాను. ప్రేమగా చికెన్ అన్నం పెట్టిన ఇళ్లే అవన్నీ.

మామ్మగారు దానికీ ఉపాయం చెప్పారు. “చోడి అంబలి పెడితే బలం కాదేటి బాబూ? మేమంతా దాంతోనే పెరిగాం.” చోళ్లలో, అంటే రాగుల్లో, కాల్షియం మెండుగా ఉన్నమాట నిజమే, 100 గ్రాముల పిండిలో దాదాపు 350 మిల్లీగ్రాములు. కానీ పిల్లకుక్కకి ప్రతి 1,000 కేలరీలకి సుమారు 3 గ్రాముల కాల్షియం కావాలి. బంటీ బరువుకి లెక్కేస్తే అంబలితోనే అది నింపడానికి రోజుకి అరకిలో పైన పిండి తాగించాలి, పైగా అందులో ఉన్నదంతా ఒంటికి పట్టదు. ఆవిడ నవ్వేశారు. “అంత తాగితే మీ కుక్క గేదైపోద్ది.”

సిరప్ ఎందుకు ఆపించానంటే దానికి ఉల్టా కారణం. ఆరు నెలల లోపు పిల్ల పేగు, ఎక్కువైన కాల్షియాన్ని వద్దని ఆపుకోలేదు. పెద్ద జాతుల్లో అది కీళ్లనీ ఎముకల్నీ పాడుచేస్తుంది. లెక్క కుదిరిన ఫుడ్ పెట్టడం తప్ప పైపైన పోసే టానిక్ దీనికి దారి కాదు.

ఏది పనిచేయలేదు

ఐదో రోజు నుంచి కొత్త బస్తా. ‘సెన్సిటివ్ స్టమక్’ అని అట్ట మీద పెద్దక్షరాలున్న చికెన్ ఫుడ్. పాతది మూడు వంతులు, కొత్తది ఒక వంతు, తర్వాత సగం సగం, అలా వారంలో మార్చాలని చెప్పాను. సగానికి చేరేసరికి మళ్లీ జారుడు, మళ్లీ జిగురు.

“సార్, వీడికి చికెన్ పడట్లేదు. నెట్‌లో కూడా అదే రాశారు” అన్నారు ఇంటాయన. క్లినిక్ నిండా జనం, బయట వాన. నేను సరేనన్నాను. మామూలు ఫుడ్‌కి రెట్టింపు ధర ఉన్న చేప ఫుడ్ ఆన్‌లైన్‌లో తెప్పించారు. అది నాలుగో బస్తా. ఐదు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి, ఆరో రోజు రాత్రి మూడుసార్లు.

ఆ రాత్రి కేసు షీట్ మొదటి నుంచి చదివాను. నా చేతిరాతలోనే ఉంది: ‘మూడో రోజు: ఉడికించిన చికెన్, అన్నం. మోషన్ గట్టి.’ చికెన్ పడని పిల్ల నాలుగు రోజులు చికెన్ అన్నం తిని ఎలా బాగుపడింది? ఈ ప్రశ్న వారం కిందట వేసుకుని ఉంటే నాలుగో బస్తా వచ్చేదే కాదు.

ఇంకో సంగతి. నిజంగా ఒక మాంసం పడటం లేదని తేల్చాలంటే ఇంతవరకూ తినని మాంసంతోనో, ప్రోటీన్‌ని ముక్కలు చేసి తయారుచేసే ప్రత్యేక ఫుడ్‌తోనో రెండు నుంచి నాలుగు వారాలు పెట్టి చూడాలి. ఆ రోజుల్లో ఒక్క బిస్కెట్ కూడా ఇవ్వకూడదు. తగ్గాక పాత తిండి మళ్లీ పెట్టి, మళ్లీ చెడిందని చూస్తేనే అనుమానం రుజువైనట్టు. మేం చేసింది ఆ పరీక్ష కాదు. బస్తా మార్చాం, అంతే.

మళ్లీ మొదటికి

అయితే ఆ నాలుగు మంచి రోజుల్లో వేరుగా ఉన్నదేమిటి? చికెన్ కాదు. కొవ్వు తక్కువ. ఐదు చిన్న పూటలు. గ్రాముల్లో కొలత. భయంతో ఇంట్లో ఎవరూ ఇంకేమీ పెట్టకపోవడం. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి, లేదా రెండు మూడు. వీటికి తోడు మొదటిరోజు నేను సరిగ్గా వెతకనిది ఒకటుంది: జియార్డియా, పేగులో చేరే కంటికి కనబడని పరాన్నజీవి.

ఈ జీవి తిత్తులు, అంటే పొరలో ముడుచుకుని బయటికొచ్చే దాని రూపం, మలంలో రోజూ పడవు. ఒక్క నమూనాలో కనబడకపోతే లేనట్టు కాదు. పైగా చిక్కటి ఉప్పునీటిలో అవి ముడుచుకుపోయి ఆనవాలు తెలియకుండా పోతాయి. జింక్ సల్ఫేట్ ద్రావణంలో తేల్చాలి. రోజు విడిచి రోజు మూడు నమూనాలు తెమ్మన్నాను. మొదటిది ఖాళీ. రెండోదాంట్లో అయోడిన్ చుక్క వేసి నాలుగు వందల రెట్లలో చూస్తే లేత గోధుమరంగులో, పొడవుగా సాగిన గుడ్డు ఆకారంలో, లోపల సన్నటి గీతలతో వరసగా ఐదారు. ఇంటాయన్ని పిలిచి చూపించాను. ఆయన ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసి, “ఇంత చిన్నదా సార్ మమ్మల్ని ఇంత తిప్పింది” అన్నారు.

ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందు, కిలో బరువుకి 50 మిల్లీగ్రాముల చొప్పున ఐదు రోజులు. చివరి రోజు స్నానం, ముఖ్యంగా తోక కింద, వెనక కాళ్లు. ఎందుకంటే వెంట్రుకలకి అంటిన తిత్తుల్ని నాకి పిల్ల మళ్లీ తెచ్చుకుంటుంది. మోషన్ ఎప్పటికప్పుడు తీసేయాలి. ఆ తిత్తులకి తడి కావాలి, వానాకాలంలో మన పెరడులు వాటికి పండగే. అందుకే పిల్లని ఎండిన సిమెంటు గచ్చు మీదే ఉంచమన్నాను. తాగడానికి కాచి చల్లార్చిన నీళ్లు. ఇంట్లో బడి పిల్లలకి అంటుకుంటుందేమోనని వాళ్లమ్మ టెన్షన్ పడ్డారు. కుక్కల్లో ఎక్కువగా కనబడే జియార్డియా రకాలు మనుషులకి సాధారణంగా అంటవు, చేతులు సబ్బుతో కడిగితే చాలన్నాను. నిజానికి ఆ బడి పిల్లల విషయంలో నాకు ఎక్కువ భయం బంటీ మలంలో కనబడ్డ ఏలిక పాముల మీదే.

జిగురు పోయింది, రక్తపు చార పోయింది. అయినా మోషన్ పూర్తిగా గట్టిపడలేదు. అక్కడ ఆగిపోయింది.

సోల

పెద్దమ్మాయికి ఒక పని అప్పజెప్పాను. బడి నోటుబుక్కులో రోజూ రాయమన్నాను: ఎన్నింటికి ఏం పెట్టారు, ఎన్నింటికి మోషన్, గట్టిగానా జారుడుగానా. నాలుగు రోజుల తర్వాత పుస్తకం తెచ్చింది. చక్కటి అక్షరాలు, స్కేలుతో గీతలు. ఒక వరస చూడగానే విషయం అర్థమైంది. పొద్దున మోషన్లన్నీ గట్టి. సాయంత్రం ఐదు, ఆరు గంటలవన్నీ జారుడు. అంటే తేడా ఫుడ్‌లో లేదు, మధ్యాహ్నంలో ఉంది.

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. పిల్లకి అన్నం పెట్టేది ఎలాగో చూపించమన్నాను. మామ్మగారు బియ్యం డబ్బాలోంచి స్టీలు సోల తీశారు. చేప ఫుడ్ గోపురంగా నింపి గిన్నెలో కుమ్మరించారు. “పూటకి సోలెడు, మూడు పూటలు.” నేను నా సంచిలోంచి చిన్న కాటా తీసి ఆ గింజలు దాని మీద పోశాను. 118 గ్రాములు. రోజుకి 354.

అప్పటికి బంటీ బరువు 6.4 కిలోలు. నాలుగు నెలల లోపు పిల్లకి, విశ్రాంతిలో కావాల్సిన శక్తికి మూడు రెట్లు ఇవ్వాలన్నది మేం వాడే లెక్క. ఆ ప్రకారం రోజుకి సుమారు 845 కేలరీలు. బస్తా మీద 100 గ్రాములకి 380 అని ఉంది. అంటే 222 గ్రాములు. వాడి కడుపులోకి వెళ్తున్నది దానికి ఒకటిన్నర రెట్లు దాటింది. అరగని తిండి పెద్ద పేగులోకి దిగి అక్కడ పులుస్తుంది, నీళ్లని లాగుతుంది. ఎంత ఖరీదైన ఫుడ్ అయినా అంతే. బస్తా వెనక పట్టిక వాళ్లు చూడకపోలేదు, చూశారు. కాకపోతే దాన్ని తప్పుగా చదువుకుని లెక్క వేసుకున్నారు. ఈ పొరపాటు చదువుకున్నవాళ్లే ఎక్కువ చేస్తారు, ఎందుకంటే మిగతావాళ్లు పట్టిక జోలికే వెళ్లరు.

ఇక మధ్యాహ్నం. అందరూ వెళ్లిపోయాక ఇంట్లో ఉండేది మామ్మగారూ బంటీనే. నేను అడిగేలోగా ఆవిడే చెప్పేశారు.

“నేనేటీ ఎట్టలేదు బాబూ. మూడింటికి టీ తాగినప్పుడు ఓ గ్లాసుడు పాలు, నాలుగు బిస్కెట్లు. పిల్లకుక్క పాలు తాగకపోతే మరేటి తాగుతాది?”

ఆవిడ్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. రోజంతా ఇంట్లో ఆవిడకి తోడు ఆ పిల్లే. మూడింటి టీ ఇద్దరిదీ. తల్లికుక్క పాలకంటే గేదె పాలల్లో పాలచక్కెర ఎక్కువ, పాలు మానే వయసుకి దాన్ని అరిగించే శక్తి పిల్లలో తగ్గిపోతుంది, ఆ మిగిలిందే సాయంత్రం జారుడవుతుందని వివరించాను. వద్దు అని వదిలేస్తే ఆవిడ దొంగచాటుగా పెడతారని తెలుసు. అందుకని మూడింటి పూట ఆవిడకే వదిలేశాను. రోజు కోటాలోంచే ఇరవై గ్రాముల గింజలు తీసి ఒక చిన్న డబ్బాలో వేరుగా పెట్టాం. టీ తాగుతూ ఒక్కొక్కటే చేత్తో వేయాలి. ఈ కేసులో నేను రాసిన మందులన్నిటికంటే మంచి ప్రిస్క్రిప్షన్ అదేనని నా అభిప్రాయం.

ఏ ఫుడ్?

ఇప్పుడు బస్తా ఎంచుకోవాల్సి వచ్చింది. అటక మీదున్న రెండో బస్తా దింపించాను, పెద్ద జాతి పిల్లలకని రాసి ఉన్న చికెన్ ఫుడ్. మూడు రోజులు వాడి వాళ్లు పక్కన పెట్టేసినది. దాని మీద నేను చూసినవి ఇవి: ఎదిగే వయసుకి సంపూర్ణ ఆహారమని రాసి ఉందా, కాల్షియం ఎంత. తేమ తీసేసిన లెక్కలో 1.2 శాతానికి తగ్గకూడదు, పెద్దయ్యాక లాబ్రడార్ అంత పెరిగే పిల్లకి 1.8 దాటకూడదు. రెండూ సరిపోయాయి. కొవ్వు మూడోదైన ‘సెన్సిటివ్ స్టమక్’ బస్తాకంటే తక్కువే. ‘సెన్సిటివ్’ అన్న మాటకి నేను పెద్ద విలువ ఇవ్వను. అది కంపెనీ ఎంచుకునే మాట, దాని వెనక ఒక్కటే నిర్వచనం లేదు. ‘గ్రెయిన్ ఫ్రీ’ కూడా అంతే, అన్నంతో బాగుపడిన పిల్లకి గింజధాన్యాలు లేని ఫుడ్ ఎందుకు?

మన ఊరికి సంబంధించిన కారణం ఒకటి ఎక్కువ బరువు తూగింది. ఆ ఫుడ్ శ్రీకాకుళంలో రెండు మూడు షాపుల్లో ఎప్పుడూ దొరుకుతుంది. ఆన్‌లైన్‌లోనే వచ్చేది ఒక వారం ఆలస్యమైతే ఇంటివాళ్లు ఏది దొరికితే అది తెచ్చి పోస్తారు, మళ్లీ కథ మొదటికొస్తుంది. తెరిచి నెల దాటిన ఆ పాత బస్తా మాత్రం వాడొద్దన్నాను. అదే రకం మూడు కిలోలది, తయారీ తేదీ చూసి, కొత్తగా తెప్పించాను. సముద్రపు గాలికి తెరిచిన బస్తాలో కొవ్వు త్వరగా కమురు వాసన కొడుతుంది. లూజుగా అమ్మే ఫుడ్ నేను ఒప్పుకోనిది కూడా అందుకే: ఎప్పుడు తెరిచారో, అసలు ఏ బస్తాదో తెలియదు.

రెండు రోజులు అన్నం, చికెన్, తర్వాత పది రోజుల్లో మెల్లగా మార్పు. రోజుకి 222 గ్రాముల లెక్కన నాలుగు పూటలు, మామ్మగారి డబ్బాతో కలిపి. వారానికోసారి బరువు తూచి లెక్క సవరించుకోవడం. ఏడో రోజున ఒకసారి జారుడైంది. ఇంటాయన ఫోన్ చేసి ఏం మార్చాలన్నారు. ఏమీ మార్చొద్దు, రెండు రోజులు అదే పాళ్లలో ఉంచండన్నాను. అదే సర్దుకుంది. ఆ రోజు నేను మళ్లీ కొత్త పేరేదైనా చెప్పి ఉంటే అది ఐదో బస్తా అయ్యేది.

ఇప్పుడు నా దగ్గర

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మూడు నాలుగు మార్పులొచ్చాయి. మోషన్స్‌తో వచ్చిన ప్రతి పిల్లకీ మొదటివారమే మూడు నమూనాలు అడుగుతున్నాను, జింక్ సల్ఫేట్ సీసా ఎప్పుడూ బల్ల మీద ఉంటుంది. “ఏ ఫుడ్ పెడుతున్నారు” అని అడిగే ముందు “దేనితో కొలుస్తున్నారు, ఆ గిన్నె పట్రండి” అంటున్నాను. గ్లాసులు, కొబ్బరి చిప్పలు, ఒకాయనైతే హెల్మెట్ అంత గిన్నె తెచ్చారు. “మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు” అన్న ప్రశ్న కేసు షీట్‌లో అచ్చు వేయించాను. చికెన్ అలర్జీ అన్న మాట ఎవరు తెచ్చినా, నేనైనా సరే, ముందు పాత పేజీలు తిరగేస్తున్నాను.

బంటీకి మొన్న ఆరు నెలలు నిండాయి. 23 కిలోలు, కాళ్లు తిన్నగా ఉన్నాయి. అదే చికెన్ ఫుడ్. రేబిస్ టీకాకి, బూస్టర్లకి వచ్చినప్పుడల్లా మామ్మగారు కూడా ఆటోలో వస్తున్నారు. కిందటిసారి వచ్చినప్పుడు సోల ఏమైందని అడిగాను. బియ్యం డబ్బాలోకి వెళ్లిపోయిందట. గింజల బస్తా పక్కన వంటింటి కాటా పెట్టారట, దాని మీద చెయ్యి వేయడానికి పెద్దమ్మాయి ఎవర్నీ ఒప్పుకోవట్లేదట.